పచ్చమూత మందు

జూలూరుపాడు దగ్గర తండా
18 ఆగస్టు 2024

చెల్లె భార్గవికి,

ఈ వారం నా తపాలా సంచిలో వచ్చినవన్నీ బ్యాంకు కార్డులు, ఆధార్ కార్డులే. మనిషికి మనిషి రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు. అందుకని నేనే ఒకటి రాసి, నేనే ముద్ర కొట్టి, నేనే బస్సెక్కిస్తున్నాను. నాన్న పోస్టుమ్యాన్‌గా ఉన్న రోజుల్లో సంచి మోయలేక భుజం వాచేది. ఇప్పుడది ఖాళీగా ఉండి నాకు సిగ్గేస్తోంది. ఫోన్ చేద్దామంటే యాడి మధ్యలో లాక్కుంటుంది. కన్నతల్లిని ఏమీ అనలేం. చివరికి అరుచుకునేది మనిద్దరం.

మిరపనారు పోశాం. పోయిన రెండేళ్ళూ నల్ల తామరపురుగు పూతనంతా నాకేసింది కదా, ఈసారి కూడా వస్తే చేను దున్నేయడమే. జూలూరుపాడులో వెంకటనారాయణ దుకాణానికి కొత్త మందు దిగింది. పేరు పలకడం ఎవరికీ చేతకాక అందరం పచ్చమూత మందు అంటున్నాం. సీసాతో ఇచ్చే కాగితం మీద "హైదరాబాదు ప్రయోగశాలలో మనిషి కణాలపై పరీక్షించినది" అని ఉంది. మీ ల్యాబేనా? నువ్వు చేసే పని అదేనని నేనంటే ఎవరూ నమ్మడం లేదు.

మీ వదిన చాంది ఒక ప్రశ్న రాయమంది. "గా కణాలకు నొప్పి అయితదా?" అని. నవ్వకుండా జవాబు రాయి.

నీ అన్న
మోతీలాల్


హైదరాబాదు
30 ఆగస్టు 2024

అన్నా,

నీ ఉత్తరం చూసి మా హాస్టల్ వాచ్‌మన్ కంగారుపడ్డాడు, కోర్టు నోటీసు అనుకున్నాడట. ఈ రోజుల్లో చేతిరాతతో వచ్చేవి అవేనట.

వదిన ప్రశ్నకు ముందు జవాబు. నొప్పి తెలియదు. నొప్పి తెలియాలంటే మనిషి మొత్తం ఉండాలి. కణం అంటే మన ఒళ్ళనే ఇంట్లో ఒక ఇటుక లాంటిది, ప్రాణమున్న ఇటుక. ఎప్పుడో, ఏ దేశంలోనో జబ్బు చేసి పోయిన ఒక చిన్నపిల్ల కణితి నుంచి తీసిన నరాల కణాలు మా దగ్గర ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. వాటికి మేత పెట్టడం నా పని. బర్రెల కంటే ఎక్కువ మారాం చేస్తాయి. ప్లాస్టిక్ పలకలో చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో కణాలు వేసి, మందు పోసి, రెండు రోజులుంచి, ఆ తర్వాత పసుపు రంగు నీళ్ళు పోస్తాం. కణాలు బతికుంటే పసుపు ఊదాగా మారుతుంది. చస్తే పసుపు పసుపుగానే ఉండిపోతుంది.

ఏ కంపెనీ మందు ఎవరు పరీక్షించారో బయట చెప్పకూడదు. కాదని మాత్రం నేను చెప్పడం లేదు, నీకు అర్థమైందనుకుంటా. నా పలక ఊదాగా మారింది. కణాలు చావలేదు.

ఈ పని నాకెంత ఇష్టమో నీకు తెలుసు. కుందేలు కళ్ళలో చుక్కలు వేయక్కర్లేదు, కోళ్ళకు మందు తాగించక్కర్లేదు. పండక్కి మేకను కోస్తుంటే చెవులు మూసుకుని పత్తి గదిలో దాక్కున్న మనిషిని నేను.

పేజీ తిప్పు అన్నా, ఇది ముఖ్యం.

ఊదా వచ్చిందంటే ఆ పలకలో, ఆ రెండు రోజుల్లో చావలేదని మాత్రమే. చేలో రోజూ ఒంటికి తగిలితే ఏమవుతుందో నా పరీక్ష చెప్పదు. డ్రమ్ములో కట్టెతోనే కలపాలి, చెయ్యి పెట్టకూడదు. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ ఉండాలి. వేరే మందులతో కలపొద్దు. మందు కలిపేది వదినే కాబట్టి ఈ పేజీ ఆమెకు చదివి వినిపించు.

మీ అందరినీ తలుచుకుంటూ
భార్గవి


తండా
29 సెప్టెంబరు 2024

భార్గవీ,

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మన తండాలో మాత్రం నీ మాటే మందైంది.

నాన్న పద్ధతి నీకు తెలిసిందే. ఎవరికి ఉత్తరమొచ్చినా సేవాలాల్ గుడి ముందు పదిమందికీ పైకి చదివేవాడు. మంచి మాట రాగానే ఆపి మడిచేసేవాడు. చెడు మాట ఏదన్నా ఉంటే తర్వాత ఇంటికి వెళ్ళి, ఎవరికి చెందిందో వాళ్ళ ఒక్కరి చెవిలో వేసేవాడు. "పదిమందిల మంచిది చదవాలె, మిగిలింది మడతల ఉండాలె" అనేవాడు. నేనూ అలాగే చదివాను. "కణాలు చావలేదు" దగ్గర ఆపాను. మన పక్క చేను హరిలాల్ అయితే చప్పట్లు కొట్టి, "మన పిల్ల చూసినంక ఇంకేం భయం!" అన్నాడు. వారం తిరక్కుండా వెంకటనారాయణ దుకాణంలో పచ్చమూత సీసాలు అయిపోయాయి. మళ్ళీ తెప్పించాడు. నేను కనబడితే కుర్చీ వేస్తున్నాడు.

నాట్లు బతికాయి. మందు కొట్టడం మొదలైంది. ఎప్పటిలాగే ట్యాంకు నాది, డ్రమ్ము మీ వదినది. "మా ఆడబిడ్డ చూసిన మందు" అని పక్క చేల వాళ్ళకు చెప్పుకుని మురుస్తోంది. పురుగు తగ్గింది, అది మాత్రం నిజం. మిగిలిన మందు కోళ్ళగూట్లో కొట్టాం, పేలు కూడా పోయాయి.

నువ్వు పైకొచ్చావు చెల్లె. నాన్న ఉంటే బాగుండేది.

మోతీలాల్


తండా
5 నవంబరు 2024

భార్గవీ,

నీ జవాబు రాలేదు. పెద్ద ఉద్యోగస్తులకు తీరిక ఉండదని యాడికి సర్ది చెప్పాను.

ఇంట్లో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. కాళ్ళు చచ్చుబడి, రెక్కలు నేలకు ఆనించి జరుగుతున్నాయి. మేత బాగానే తింటున్నాయి, కళ్ళు కూడా తేటగానే ఉన్నాయి, లేచి నడవడం మాత్రం చేతకావడం లేదు. విచిత్రమేమిటంటే తండాలో వేరే ఎవరింటి కోళ్ళకూ రాలేదు. యాడి దిష్టి అంటోంది. టీకా ఏదన్నా ఉంటే రాయి.

చాందికి పిక్కలు పట్టేస్తున్నాయి. పాదాల్లో చీమలు పాకినట్టుందట. వంగి వంగి కలుపు తీస్తే ఎవరికైనా అంతే కదా. మిరప మాత్రం ఈసారి చూడముచ్చటగా ఉంది, నువ్వొచ్చి ఫోటో తీసుకోవాలి.

మోతీలాల్


హైదరాబాదు
14 నవంబరు 2024

అన్నా, కోపం తగ్గించుకో. కొత్త మిషన్ వచ్చింది, దాని మీద ట్రైనింగ్‌కు బెంగళూరు పంపారు. తిరిగి రాగానే సీనియర్‌ను చేశారు! నువ్వు మళ్ళీ గుడి ముందు చదవాలి కాబట్టి మొదట ఇదే రాస్తున్నాను.

కోళ్ళకు పశువుల ఆసుపత్రిలో చుక్కల టీకా ఇస్తారు. జబ్బు పడ్డవాటికి పనిచేయదు, బాగున్నవాటిని వేరే గూట్లో పెట్టు. వదినకు బలం మాత్రలు కొనిపెట్టు, ఉప్పు వేసిన మజ్జిగ తాగమను. సంక్రాంతికి కుదరదు, ఫిబ్రవరిలో వస్తాను. వదినకు ఏం చీర కావాలో అడిగి రాయి.

తొందరలో
భార్గవి


ఖమ్మం, ఖానాపురం హవేలి
3 డిసెంబరు 2024

భార్గవీ,

ఈ ఉత్తరం బాబూరావు మామ ఇంటి నుంచి రాస్తున్నాను. చాందిని ఖమ్మం దవాఖానాలో చూపిస్తున్నాం, రోజూ ఇక్కడి నుంచే షేర్ ఆటోలో తీసుకెళ్తున్నాను.

చేనుకు వెళ్తూ చాంది దారిలో చెప్పు వదిలేసి నడిచింది. కాలికి చెప్పు లేదని తనకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక అరికాలిలో ముల్లు చూసి నేను అరిచాను. తర్వాత వారానికి పాదాలు పైకి లేవడం మానేశాయి. మోకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తోంది, పాదం చప్పుమని నేలకు పడుతోంది. జూలూరుపాడు డాక్టరు నరాల బలహీనత అని సూదులు ఇచ్చాడు, తగ్గలేదు. ఇప్పుడు చేతివేళ్ళు కూడా పట్టు తప్పుతున్నాయి. నిన్న గ్లాసు జారవిడిచి, నేను తిడతానేమో అన్నట్టు నా మొహంలోకి చూసింది.

ఇక్కడి నరాల డాక్టరు అడిగాడు, "ఏం మందులు కొడుతున్నరు చేన్ల?" అని. నేను చెప్పాను, "మందుతోని ఏం లేదు సార్, మా చెల్లెనే పరీక్ష చేసింది" అని. ఆయన తలూపి కారణం తెలియదని రాశాడు.

హరిలాల్ కూడా కాళ్ళు తిమ్మిరంటున్నాడట. చాందికి చీర సంగతి అడగలేదు. మనసొప్పలేదు.

మోతీలాల్


హైదరాబాదు
7 డిసెంబరు 2024

అన్నా,

నిన్న ఫోన్‌లో డాక్టరుకు మందు పేరు చెప్పమని మాత్రమే అనగలిగాను. వదిన నీ పక్కనే కూర్చుని "భార్గవేనా? నేన్ మంచిగున్నా అని చెప్పు" అనడం వినబడింది. ఫోన్ పెట్టేశాను.

ఆ కోళ్ళకు కొక్కెర తెగులు కాదు అన్నా. మిగిలిన మందు గూట్లో కొట్టామని, ఒక్క మన ఇంటి కోళ్ళకే వచ్చిందని, మేత తింటున్నాయని, కళ్ళు తేటగా ఉన్నాయని నువ్వు రాశావు. నేను చదివి చుక్కల టీకా అని రాశాను. ఈ జాతి మందుల్లో కొన్నింటికి ఒక గుణముంది. పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తగిలిన రోజు ఏమీ తెలియదు. వారాల తర్వాత కాళ్ళు పడిపోతాయి. ఎలుకల్లో సరిగా బయటపడదు, కోడిలో పడుతుంది. అందుకే పూర్వం కోళ్ళకు మందు ఇచ్చి వారాల తరబడి వాటి నడక చూసేవాళ్ళు. ఇది పాత మందు లాంటిదేనని చెప్పి ఈ కంపెనీ ఆ పరీక్ష తప్పించుకుంది. మా దగ్గరికి కణాల పరీక్షకు పంపి, మా ఊదా రంగును కాగితం మీద అచ్చు వేసుకుంది.

నా కణాలు ఎందుకు చావలేదో చెబుతాను. మందు ఒంట్లోకి వెళ్ళాక కాలేయం దాన్ని విరిచి ఇంకోటి చేస్తుంది. మామూలుగా విషాన్ని విరిచేది కాలేయమే, ఈ మందు విషయంలో మాత్రం విషాన్ని తయారుచేసింది అదే. నా పలకలో కాలేయం లేదు. ఉన్నా రెండు రోజులే చూస్తాం, ఈ జబ్బుకు వారాలు కావాలి. పైగా మనిషి నడుము దగ్గర మొదలైన నరం కాలివేళ్ళ దాకా పోతుంది. ఎంత పొడుగు నరమైతే అంత ముందు దెబ్బతింటుంది. గుంటలో ఉన్న కణం నరం కంటికి కూడా కనపడదు. దానికి పాదమెక్కడిది, పడిపోవడానికి? నేను అడిగిన ప్రశ్నకు అది నిజమే చెప్పింది. అడగాల్సిన ప్రశ్న అది కాదు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆగస్టు ఉత్తరంలో రెండో పేజీ వదినకు చదివి వినిపించావా?

పచ్చమూత సీసాలు ఇంట్లో ఏమున్నా ముట్టుకోవద్దని అందరికీ చెప్పు. హరిలాల్‌ను వెంటనే ఖమ్మం రమ్మను.

భార్గవి


ఖమ్మం
19 డిసెంబరు 2024

భార్గవీ,

నీ ఉత్తరం దవాఖానా మెట్ల మీద కూర్చుని చదివాను. మొదటిసారి చదివినప్పుడు చింపేద్దామనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు పాఠం చెబుతున్నావు. కాలేయమట, నరం పొడుగట. చాంది మరుగుదొడ్డికి వెళ్ళాలంటే నేను ఎత్తుకెళ్ళాలి. సిగ్గుతో నీళ్ళు తాగడం మానేసింది. డాక్టరు కొంత తిరిగి రావచ్చు, మొత్తం రాదు అన్నాడు. చేతివేళ్ళు రావచ్చట, పాదాలు నమ్మకం లేదట. దీనికి నీ పుస్తకంలో మార్కులెన్ని?

అలా రాసి పెన్ను పక్కన పెట్టి, ఇప్పుడు మళ్ళీ తీశాను.

వినిపించలేదు. నేను మాత్రం ఆగస్టులోనే చదివాను. గుడి ముందు మంచి మాట దగ్గర ఆపి మడిచాను, సంచిలో పెట్టుకున్నాను, ఇంటికి నడుస్తూ రెండో పేజీ చదివాను. నాన్న అయితే ఆ సాయంత్రమే ఆమె చెవిలో వేసేవాడు. ఇంటికి వెళ్ళేసరికి ఆమె అందరికీ చాయ్ పోస్తోంది, నీ పేరు చెప్పి నవ్వుతోంది. రేపు చెబుదాం అనుకున్నాను. చెబితే నీ మాటను నేనే కింద పడేసినట్టవుతుంది, తండాలో నా మాట పోతుంది అనిపించింది. అడుగున గడ్డలు కట్టెకు తగలవని ఆమె ఎప్పుడూ మోచేతి దాకా చెయ్యి పెట్టే కలుపుతుంది. అందులో ఇంకో రెండు మందులు కూడా పోసేవాళ్ళం. ఆమె చెయ్యి పెడుతుంటే నేను ట్యాంకు భుజాన వేసుకుని పక్కనే నిలబడేవాణ్ణి.

రెండో పేజీ ఒకటుందని ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ కంపెనీ మీ పరీక్షలో సగం మాటే అచ్చేసిందని తిట్టే నోరు నాకు లేదు. నేనూ అదే చేశాను.

మోతీలాల్


హైదరాబాదు
6 జనవరి 2025

అన్నా,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. రాలేదు, ఏడుపొచ్చింది. కోళ్ళ సంగతి చదివి టీకా రాసినదాన్ని నేనేం తిట్టగలను!

మా పెద్ద మేడం రాజ్యశ్రీ గారికి అంతా చెప్పాను. ఆమె మంచి మనిషి. రిపోర్టు తెప్పించి మళ్ళీ చదివి, "పరీక్ష తప్పు కాదు భార్గవీ, చాలా చిన్నది" అన్నారు. అధికారులకు రాశారు. నేను కూడా నా పేరుతో రాశాను, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కంపెనీ జవాబు ఇచ్చింది. రైతులు చెప్పే లక్షణాలు శాస్త్రీయ ఆధారం కావట, మనిషి కణాలపై పరీక్షే ఆధారమట. మా ఊదా రంగును మా మీదికే తిప్పారు.

మళ్ళీ కోళ్ళ దగ్గరికే పోవాలా అని రోజూ ఆలోచిస్తున్నాను. పోవాల్సి వస్తే పోవాలి, నాకు ఇష్టం లేకపోయినా. ఒక్క కోడిని బతికించుకుని మా వదిన కాళ్ళు పోగొట్టుకున్నాను. ఇంకో దారి కూడా తయారవుతోంది. అద్దం ముక్క మీద సన్నటి కాలువలు గీసి, ఒక చివర కాలేయం కణాలు, ఇంకో చివర నరాల కణాలు పెంచుతున్నారు. మందు మొదట కాలేయంలో విరిగి, ఆ తర్వాతే నరానికి చేరుతుంది. నరాన్ని కాలువ వెంట పొడుగ్గా సాగనిచ్చి వారాల తరబడి చూస్తారు. ఇంకా చేతికి రాలేదు, సగం సార్లు కణాలు వాటంతటవే చస్తాయి. అయినా ఇది అడగాల్సిన ప్రశ్నకు దగ్గరగా వస్తోంది.

దానికి కణితి కణాలు చాలవు. బతికున్న మనిషి చర్మం చిన్న ముక్క తీస్తే, దాని నుంచి నరాల కణాలు పెంచవచ్చు. ఈ మందుకు నిజంగా దెబ్బతిన్న మనిషి కణాలైతే ఇంకా మేలు. రాజ్యశ్రీ మేడం అడగలేక అడిగారు. నేనూ అలాగే అడుగుతున్నాను. వదినకు దీనివల్ల నడక రాదు. ఆ మాట ముందే చెప్పు. ఇంకొకరి చేతికి ఇలాంటి సీసా చేరకుండా ఆపగలమేమో, అంతే.

దానికంటే ముందు ఆమెకు రెండో పేజీ చదువు. అది వినకుండా ఆమె ఒప్పుకుంటే నాకు ఆ చర్మం వద్దు.

భార్గవి


తండా
20 జనవరి 2025

చెల్లె,

ఇంటికొచ్చేశాం. పచ్చమూత మందు ఇంకా అమ్ముతున్నారు. గుడి ముందు నిలబడి నీ ఆగస్టు ఉత్తరం ఈసారి చివరిదాకా చదివాను. కొందరు సీసాలు తిరిగి ఇచ్చేశారు. కొందరు పూత మీద పురుగుంది, ఏం చేయమంటావు అన్నారు. హరిలాల్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, నాతో మాట్లాడడం లేదు.

చాందికి ముందురోజే ఇంట్లో చదివాను. రెండో పేజీ రెండుసార్లు చదవమంది. తర్వాత, "నేను చెయ్యి వెడ్తుంటె చూసుకుంట నిలవడ్డవ్" అంది. అరవలేదు. నేను ఏదో చెప్పబోతే మొహం గోడకు తిప్పుకుంది. అప్పటి నుంచి చెప్పులకు తాళ్ళు కట్టడానికి నన్ను పిలవడం లేదు, యాడిని పిలుస్తోంది. ఎన్నాళ్ళో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

చర్మం సంగతి యాడి చేతనే చెప్పించాను. వద్దంటుందనుకున్నాను. తన మాట ఉన్నదున్నట్టు రాయమని చెప్పింది. రాస్తున్నాను.

"ఒక్కపారి నా మీద పరీక్ష అయ్యింది. అప్పుడు నన్నెవ్వరు అడగలే. ఇప్పుడు అడుగుతున్నరు, తీస్కోనియ్యి. గానీ గా గిన్నెల మందు పోసేది భార్గవే కావాలె. వేరేటోళ్ళకు గది ఒట్టి గిన్నెనే. ఆమెకైతే నేను యాదికొస్త."

ఆదివారం పొద్దున హైదరాబాదు బస్సుకు బయలుదేరుతున్నాం. బస్సు మెట్లు దిగడం తన ఒక్కదాని వల్ల కాదు, నా చెయ్యి పట్టుకోదు. నువ్వు బస్టాండుకు రా.

మోతీలాల్